పద్నాలుగులో మనకు సున్నా

పోస్టు కొంచెం పొడుగే. అయినా చివరిదాక చదువుండ్రి, చివర్ల మీతోని ఒక పని ఉంది.

మేం నలుగురం గద్వాలలో హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్నం. ఇద్దరం లంబాడోళ్లం, ఒకడు చెంచు, ఒకడు ఎరుకల. ఒకరిది వనపర్తి దిక్కు తండా, ఒకరిది అచ్చంపేట దిక్కు తండా, ఒకనిది లింగాల మండలంల అడవి లోపలి పెంట, ఇంకొకనిది గద్వాల పక్కనే. మా నలుగురి ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ పోస్టు నలుగురం కూసొని రాసినం, అందుకే అంతటా 'మేం' అని ఉంటది.

సంక్రాంతి సెలవులకు వనపర్తి బస్సు ఎక్కినం. గద్వాలోడు కూడ మా తండా చూస్తనని వెంట వచ్చిండు. ఎర్రవల్లి చౌరస్తా దాటంగనే బస్సుల లొల్లి మొదలైంది. ముందు సీట్ల ముగ్గురు, ఒకరికొకరు ఎవరో కూడ తెల్వదు. చీరెల మూట ఒళ్లె పెట్టుకున్నాయన గద్వాలాయన. పక్కన రిటైర్డు సారు లెక్క ఉన్నాయన వనపర్తి. వెనక నిలబడ్డ అన్న కల్వకుర్తి దిక్కు. ఎవరి జిల్లా గొప్పదని పంచాయితీ.

"సురవరం ప్రతాపరెడ్డి పుట్టింది మా దిక్కు బోరవెల్లిల" అని గద్వాలాయన.

"పుడితే ఏమాయె? 1952ల ఎమ్మెల్యేగ గెలిపించి అసెంబ్లీకి పంపింది మా వనపర్తి" అని సారు.

"అవన్ని పాత ముచ్చట్లు సారూ. ఇప్పటి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు కొండారెడ్డిపల్లి, మా నాగర్‌కర్నూల్ జిల్లానే" అని కల్వకుర్తి అన్న.

జోగుళాంబ గుడి, గద్వాల చీరె, కొల్లాపూర్ మామిడి, రాజావారి ప్యాలెస్‌ల పెట్టిన వనపర్తి పాలిటెక్నిక్, అన్నీ బయటికొచ్చినయి. బీచుపల్లి వంతెన మీదికి వచ్చినంక వెనక సీట్లకెళ్లి ఎవరో నవ్వుకుంట "ఎన్ని చెప్పినా పాలమూరంటే లేబరే గద" అన్నడు. అంతే. అప్పటిదాక కొట్లాడుకున్న ముగ్గురు ఒక్కటైండ్రు. "2016 అక్టోబర్ 11 దాక మూడు జిల్లాలు యాడున్నయి? అందరం పాలమూరే. హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు ఏ జిల్లా? దేశంల కట్టిన డ్యాములకు మట్టి మోసింది ఎవరు?" అని సారు గట్టిగ అడిగిండు. మాకు కూడ రోషం వచ్చింది. మేం కూడ నాలుగు మాటలు కలిపినం. బస్సంతా పాలమూరు అయిపోయింది. మస్తు అనిపించింది, అబద్ధమెందుకు.

అప్పుడు మా చెంచు దోస్తు, వాడు ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు, సారును మెల్లగ అడిగిండు: "సారూ, ఇన్ని పేర్లు చెప్పిండ్రు. మా వాళ్లల్ల ఎవరన్న ఎమ్మెల్యే అయిండ్రా, ఈడికెళ్లి?"

సారు కొంచెంసేపు యోచన చేసిండు. ఆయన చెప్పకముందే పక్క సీటుకెళ్లి తువ్వాల భుజం మీదేసుకున్న కాక అందుకున్నడు. "మీకేం నాయనా, మీకు ఉద్యోగాలు రిజర్వు, ఎమ్మెల్యే సీట్లు రిజర్వు. మేం బోయోళ్లం. నది అవతల రాయచూరు దిక్కు మా బంధువులు ఎస్టీ. ఆ ఎంపీ సీటే ఎస్టీ సీటు. ఈడ మేం బీసీ. మీరే నయం."

మేం ఏం జవాబు చెప్పలే. మర్యాదకు ఊకున్నం అనుకునేరు, కాదు. మాకు తెల్వదు. మన దిక్కు ఎన్ని ఎస్టీ సీట్లున్నయో డిగ్రీ చదివే నలుగురికి తెల్వదు. వనపర్తిల దిగినంక చాయ్ తాగుకుంట కూడ దాని గురించి ఒక్కరం మాట్లాడలే, సిగ్గైంది.

సెలవులు అయిపోయినంక మా పొలిటికల్ సైన్స్ సారు దగ్గర కూసొని తెలుసుకున్నం. మీకు కూడ ఎవరన్న బస్సుల అడిగితే చెప్పనీకి పనికొస్తదని రాస్తున్నం.

తెలంగాణ అసెంబ్లీల 119 సీట్లు. అందుల ఎస్సీలకు 19, ఎస్టీలకు 12. ఆ 12 ఇవి: ఖానాపూర్, బోథ్, ఆసిఫాబాద్, ములుగు, మహబూబాబాద్, డోర్నకల్, ఇల్లందు, పినపాక, అశ్వారావుపేట, భద్రాచలం, వైరా, దేవరకొండ. మళ్లొకసారి చదువుండ్రి. పాత మహబూబ్‌నగర్ జిల్లాల 14 నియోజకవర్గాలు. అలంపూర్, అచ్చంపేట ఎస్సీ రిజర్వు. ఎస్టీకి ఒక్కటి కూడ లేదు. లోక్‌సభకు రాష్ట్రంల రెండు ఎస్టీ సీట్లు, ఆదిలాబాద్, మహబూబాబాద్. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ కలిసే నాగర్‌కర్నూల్ ఎంపీ సీటు ఎస్సీ రిజర్వు.

మనం లేమా మరి? 2011 జనాభా లెక్కల్లో పాత జిల్లాల గిరిజనులు 3 లక్షల 60 వేల పైన, వందల దాదాపు తొమ్మిది మంది. రాష్ట్ర జనాభాను 119తోని భాగిస్తే ఒక్కో నియోజకవర్గానికి 3 లక్షల లోపే వస్తది. అంటే మన జిల్లా గిరిజనులందరినీ ఒక్కచోట నిలబెడితే ఒక నియోజకవర్గం నిండి పొర్లుతది. కానీ మనం ఒక్కచోట లేం. ఇప్పటి జిల్లాల లెక్కల చూస్తే నాగర్‌కర్నూల్‌ల వందకు దాదాపు 12 మంది, వనపర్తిల 8 మంది, గద్వాలల ఇద్దరు కూడ కారు.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. 2002 డీలిమిటేషన్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఎస్సీ సీట్లను రాష్ట్రంల వేరు వేరు ప్రాంతాలకు పంచాలి. ఎస్టీ సీట్లకు ఆ పంచుడు లేదు. ఎస్టీల శాతం ఎక్కడ అన్నింటికన్నా ఎక్కువుంటే అక్కడికే పోతయి. గోదావరి ఒడ్డున, ఏజెన్సీల మనవాళ్లు దగ్గర దగ్గరగ ఉంటరు కాబట్టి అక్కడ సీట్లు వచ్చినయి. అది వాళ్ల హక్కు, అందుల మాకు ఏ కుళ్లు లేదు. కానీ మన తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట తిరిగి తిరిగి, రైళ్లు వచ్చి ఆ బతుకు పోయినంక యాడ బంజరు దొరికితే ఆడ ఆగిండ్రు. ఊరికి దూరంగ, గుట్ట పక్కన, ఒక్కోచోట యాభై ఇండ్లు. చెంచు పెంటల్ల ఇంకా తక్కువ, పది ఇరవై ఇండ్లు. చెదిరిపోయి బతికినోళ్లకు ఈ చట్టంల సీటు రాదు. మా అచ్చంపేట పక్కనే ఉన్న దేవరకొండ ఎస్టీ సీటు అయింది, అచ్చంపేట కాలే.

సీటు లేకుంటే ఏం నష్టమని ఒక దోస్తు అడిగిండు. నిజమే, అన్నీ సీటుతోనే కావు. 2019ల నల్లమలల యురేనియం తవ్వకాలు అన్నప్పుడు అమ్రాబాద్, పదర దిక్కు అన్ని కులాలోళ్లు రోడ్డెక్కిండ్రు. ఆ సెప్టెంబర్ 16న అసెంబ్లీ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. గొప్ప సంగతే. కానీ ఆ రోజు ఆ సభల చెంచు ఎమ్మెల్యే ఒక్కరు లేరు. ఎవరి అడవి గురించి మాట్లాడుతున్నరో వాళ్ల తరఫున వేరేవాళ్లే మాట్లాడాలె. ఆ రోజు మంచిగ మాట్లాడిండ్రు. రేపు కూడ అట్లనే మాట్లాడుతరని రాసిచ్చినోళ్లు ఎవరూ లేరు.

సీటు చిన్నదైనా ఎంత తేడా ఉంటదో మా వనపర్తి దిక్కు తండాల చూసినం. మునుపు పంచాయతీ పక్క ఊర్ల ఉండె. కరెంటు బుగ్గ మాడిపోతే ఊరికి పోయి సర్పంచ్ ఇంటి ముందర నిలబడాలె. 2018 పంచాయతీరాజ్ చట్టంతోని 500 జనాభా దాటిన తండాలు, గూడేలు సొంత పంచాయతీలు అయినయి. 2019 జనవరిల ఎన్నికలు వచ్చినప్పుడు మేం బడి పిల్లలం. మొదటి మీటింగు సేవాలాల్ గుడి ముందర పెట్టిండ్రు. సర్పంచ్ మా వరుసకు చిన్నమ్మ. సంతకం ఆమెదే, కానీ మాటలన్నీ చిన్నాయనే మాట్లాడిండు. ఫండ్సు కూడ ఎక్కువ రాలే. అన్నీ బాగైనయని చెప్తలేం. కానీ బుగ్గ పోయినప్పుడు ఇప్పుడు మా యాడి ఆమె ఇంటికి పోయి గోర్ బోలిల తిట్టి వస్తది. మునుపు తెలుగు రాక ఊర్ల సర్పంచ్ ముందర మూగదాని లెక్క నిలబడుతుండె. మాకు తెలిసి ప్రాతినిధ్యం అంటే మొదలు అదే, మన భాషల తిట్టనీకి ఒక మనిషి ఉండాలె.

ఇప్పుడు సంక్రాంతి సంగతికి వస్తం. బస్సు దిగి సాయంత్రానికి తండాకు చేరినం. పండుగ పూట తండా సప్పుడు లేకుండ ఉంది. గద్వాలోడు "అందరు యాడికి పోయిండ్రు రా?" అని అడిగిండు. మాకు అలవాటే కాబట్టి మేం ఎన్నడూ లెక్క పెట్టలే. వాడు ఒకదిక్కుకెళ్లి లెక్క పెట్టుకుంట వచ్చిండు. 41 ఇండ్లు, 23 తాళాలు. మిగిలిన ఇండ్లల్ల ముసలోళ్లు, బడికి పోయే పిల్లలు. వానలు పోయినంక గుంపుమేస్త్రీ అడ్వాన్స్ ఇస్తడు, పుణె, ముంబై, హైదరాబాద్ తీస్కపోతడు. మళ్ల ఎండలు ముదిరి వానకాలం దగ్గర పడినంకనే ఇంటికి. మాలో ఒకని అమ్మనాయన కూడ ఆ 23 తాళాలల్లనే ఉన్నరు.

ఈ తాళాలకు, ఆ సీట్లకు సంబంధం ఉందని మాకు సారు దగ్గర కూసున్నప్పుడే తట్టింది. 2001ల వచ్చిన 84వ రాజ్యాంగ సవరణతోని సీట్ల సంఖ్యను 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలదాక ఆపి పెట్టిండ్రు. 2014 విభజన చట్టం 26వ సెక్షన్‌ల తెలంగాణ సీట్లు 119 నుంచి 153 చేయాలని రాసి ఉంది. ఎప్పుడు గీస్తరు, ఎట్ల గీస్తరు అనేది ఢిల్లీ సంగతి. కానీ ఎప్పుడు గీసినా జనాభా లెక్కల కాయితం ముందర పెట్టుకునే గీస్తరు. మనుషులను లెక్కించే దశ 2027 ఫిబ్రవరిల అని, లెక్కకు మార్చి 1 తేదీ అని కేంద్రం ప్రకటించింది.

ఫిబ్రవరి! మన తండాలకు తాళాలుండే నెల.

లెక్కించే రోజుల్ల మొత్తం ఇంటికాడ లేనోళ్లను ఇంటి లెక్కల రాయరు. యాడ ఉంటే ఆడ రాస్తరు. హైదరాబాద్‌ల ఉన్నోళ్లు ఎస్టీగనే లెక్కకు వస్తరు, కానీ రంగారెడ్డి లెక్కల, అచ్చంపేట లెక్కల కాదు. పుణెల ఉన్నోళ్ల సంగతి ఇంకా కష్టం. ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి. మనం ఈడ 1976 చట్టంతోని ఎస్టీ అయినం. మహారాష్ట్రల బంజారాలు ఎస్టీ కాదు, విముక్త జాతుల కింద ఉన్నరు. కర్ణాటకల లంబాణీలు ఎస్సీ. జనాభా లెక్కలల్ల ఏ రాష్ట్రంల రాస్తే ఆ రాష్ట్రం జాబితానే చూస్తరు. అంటే మా అమ్మనాయన పుణెల లెక్కకు వస్తే ఎస్టీ లెక్కలకెళ్లే పోతరు. కృష్ణ దాటి రాయచూరు చేనుల పత్తి ఏరుకుంట లెక్కకు వస్తే ఎస్సీ అయితరు.

ఇది తెలిసినంక బస్సుల బోయ కాక మళ్ల యాదికొచ్చిండు. అవతల ఆయన బంధువులు ఎస్టీ, మన బంధువులు ఎస్సీ. ఇవతల మనం ఎస్టీ, ఆయన బీసీ. నడుమ నది ఒక్కటే. ఆయన మాట మాకు ఆ రోజు దెప్పుడు లెక్క వినపడ్డది. ఇప్పుడు చూస్తే ఆయనది కూడ మన బాధే. 2023 ఫిబ్రవరిల వాల్మీకి బోయలను ఎస్టీల చేర్చాలని మన అసెంబ్లీ తీర్మానం చేసింది. గ్రూపుల చాలామందికి దాని మీద కోపం ఉంది, మాకు కూడ భయమే. 2022ల మన రిజర్వేషన్ ఆరు నుంచి పది శాతం అయింది, దాన్ని మళ్ల ఎంతమంది పంచుకోవాలె అని. వాటా పెంచకుండ మందిని పెంచొద్దు అనేది మా మాట. కానీ ఆ మాట సర్కారుతోని అనాలె, బస్సుల కాకతోని కాదు.

ఇంకొక సంగతి దాచకుండ చెప్పాలె. ఈ పోస్టు రాస్తున్నప్పుడు మా చెంచు దోస్తు పెన్ను పక్కన పెట్టి అడిగిండు: "సరే రా, రేపు అచ్చంపేట ఎస్టీ సీటు అయితదనుకో. టికెట్ ఎవరికి వస్తది? మీకే. మీరు లక్షల్ల ఉన్నరు. మేం రాష్ట్రమంత కలిపి 17 వేలు కూడ కాము. అప్పుడు కూడ మాకు సున్నానే గద?"

లంబాడోళ్లం ఇద్దరం తల వంచుకున్నం. ఎందుకంటే సారును బస్సుల వాడు అడిగిన ప్రశ్ననే ఇప్పుడు మమ్ముల అడిగిండు. 2017ల ఆదిలాబాద్ దిక్కు ఆదివాసీలకు, లంబాడాలకు నడుమ ఏమైందో అందరికి తెలుసు. ఇంకా ఒకటి ఉంది, అచ్చంపేట ఇప్పుడు ఎస్సీ సీటు. అది మనకు వస్తే మాదిగ, మాల అన్నలకు వేరే యాడన్న రావాలె. ఇంకొకరి కంచంలకెళ్లి తీసుకునుడు మాకు వద్దు. 153 సీట్లు అయితే పాలమూరుకు కూడ కొన్ని పెరుగుతయి. ఆ పెరిగేదాంట్ల ఒక్కటి అడుగుదాం. ఎప్పుడన్న ఆ సీటు వస్తే మొదటిసారి చెంచుబిడ్డను నిలబెట్టాలని మేం ఇద్దరం వానికి మాటిచ్చినం. మా మాటకు టికెట్లు రావని వానికి తెలుసు, మాకూ తెలుసు. అయినా ఇచ్చినం, ఈడ రాసి పెడుతున్నం. రేపు మేం పెద్దగై మాట తప్పితే ఈ పోస్టు తీసి చూపియ్యిండ్రి.

ఆఖరి సంగతి. సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద బస్సుల రెండు జిల్లాలు కొట్లాడినయి. మేం కూడ లైబ్రరీల ఆయన గురించి చదివినం. తెలంగాణల కవులు లేరని ఎవరో రాస్తే ఆయన తిరిగి తిట్టుకుంట కూసోలే. ఊరూరికెళ్లి పేర్లు, పద్యాలు తెప్పించి 1934ల గోల్కొండ కవుల సంచిక అచ్చేసిండు. 354 మంది కవులు. లేరన్నోళ్లకు లెక్క చూపించిండు. మా బోరవెల్లి, మా వనపర్తి అని రొమ్ము విరుచుకునేదానికన్న ఆయన చేసిన పని చేసుడే ఆయనకు ఇచ్చే మర్యాద అనిపించింది.

అందుకే మీతోని పని. ఎన్నికలప్పుడు వలస పోయినోళ్లను ఓటుకు తీసుకరానీకి లీడర్లు బస్సులు పెడతరు. జనాభా లెక్కలకు ఎవరూ బస్సు పెట్టరు. మనమే ఫోన్ చేయాలె. లెక్కించే రోజుల్ల కొన్ని రోజులన్న ఇంటికి వచ్చిపోనీకి అయితదేమో అమ్మనాయనలను, గుంపుమేస్త్రీని ఇప్పటికెళ్లే అడుగుండ్రి. రాలేనోళ్లు యాడుంటే ఆడ తప్పకుండ రాయించుకోవాలె. రెండు చోట్ల రాయించమని, లేనోళ్లను ఉన్నట్టు రాయించమని మేం అస్సలు చెప్తలేం. దొంగలెక్క అయితే ఆ బోయ కాక ముందర మళ్ల తల వంచుకోవాల్సి వస్తది. రాసేటోళ్లు అడిగినప్పుడు 'నాయక్' అని ఇంటిపేరు లెక్క చెప్పి ఊకోకుండ్రి. జాబితాల ఉన్న పేరు చెప్పాలె. లంబాడి, చెంచు, ఎరుకల, ఎవరిది వాళ్లు. చదువు రాని ముసలోళ్లు ఇంటికాడ ఒక్కరే ఉంటే మనలో ఒకరు పక్కన కూసోవాలె.

దానికి ముందు ఒక చిన్న పని. ఈ ఆదివారం మీ తండాల, మీ పెంటల, మీ గూడెంల ఒక చుట్టు తిరగుండ్రి. మొత్తం ఇండ్లు ఎన్ని, తాళాలు ఎన్ని, ఏ ఊరికి పోయిండ్రు, ఎప్పుడొస్తరు, కింద రాయిండ్రి. మనుషుల పేర్లు వద్దు, లెక్క చాలు. మొదటిది మేమే రాస్తున్నం: వనపర్తి దిక్కు తండా, ఇండ్లు 41, తాళాలు 23. పెంట లెక్క వచ్చే వారం. మా దోస్తు ఇంటికి పోయినంక పెడతడు, ఆడ సిగ్నల్ దొరికితే.